గోడలోని రాయి మొఱ్ఱపెట్టునా? – మ్యూజియములలోని వలస చరిత్ర, కృత్రిమ మేధ కళ: ఒక వేదాంతపరమైన విమర్శ

ఉపోద్ఘాతము

మ్యూజియములోని వస్తువు మాట్లాడదు. దాని ప్రక్కన అతికించిన పలక మాట్లాడుతుంది. వస్తువు పేరు, దాని కాలము, దానిని చేసిన పదార్థము, అది మ్యూజియములో చేరిన సంవత్సరము ఆ పలక మీద ఉంటాయి. అది ఎవరి చేతిలో నుండి ఏ పరిస్థితిలో వచ్చినదో చెప్పవలసినచోట చాలా కాలము ‘సేకరించబడినది’ అనే ఒక్క మాటతో సరిపెట్టినారు. దండయాత్రలో పట్టుకొనిపోయినదీ, కొన్నదీ, కానుకగా అందినదీ ఆ ఒక్క మాట క్రింద సమానమైపోయినవి.

గత పది సంవత్సరాలుగా కొందరు కళాకారులు ఈ పలకను ప్రశ్నించుటకు కృత్రిమ మేధను వాడుకొనుచున్నారు. చూపరి ప్రశ్న వేస్తే ప్రాచీన విగ్రహము జవాబు చెప్పే కళాకృతులు, దోచుకొనబడిన వస్తువుల ఛాయాచిత్రములను చదివి లోకములో లేని కొత్త వస్తువులను చూపే కళాకృతులు, ఫోను ఎత్తి పట్టుకొంటే రాతి వెనుక కథను వినిపించే కళాకృతులు వచ్చినవి. వేదాంత విద్యార్థులకు ఇది దూరపు విషయముగా తోచవచ్చును. అయితే సాక్ష్యము, విగ్రహము, దోపిడి, ఒప్పుకోలు, తిరిగి ఇచ్చుట అనే మాటలు ఈ చర్చ అంతటా వినబడుచున్నవి. ఇవి మన మాటలే. వీటి బరువు తెలిసినవారముగా మనము ఈ కళను పరిశీలించవలసి యున్నది.

ఈ వ్యాసములో మేము కొన్ని కళాకృతులను వరుసగా పరిశీలించి ఒక అభిప్రాయమును ప్రతిపాదించుచున్నాము. కృత్రిమ మేధ కళ చూపరి మనస్సాక్షిని కదిలించే ఉపమానముగా పనికివస్తుంది, సాక్ష్యముగా పనికిరాదు. ఉపమానము తన పని చేసినదా లేదా అనుటకు గుర్తు, అది మనలను లెక్క యొద్దకు నడిపించుటయే.

1. వస్తువుకు నోరు: నెఫెర్‌టీటీ బాట్

నెఫెర్‌టీటీ రాణి శిరోవిగ్రహము 1912 డిసెంబరు 6న ఐగుప్తులోని అమర్నాలో దొరికినది. త్రవ్వినవారు లుడ్విగ్ బోర్‌ఖార్ట్ నాయకత్వములోని జర్మనీ బృందము. అప్పట్లో ఐగుప్తు బ్రిటిషువారి ఆక్రమణలో ఉన్నది. పురావస్తు శాఖ ఫ్రెంచివారి నిర్వహణలో ఉన్నది. 1913 జనవరిలో దొరికిన వస్తువులను పంచుకొన్నప్పుడు ఈ విగ్రహము జర్మనీ వాటాకు పోయినది. త్రవ్వినది జర్మనీవారు, పంచినది ఫ్రెంచివారు, దేశమును ఏలుచున్నది బ్రిటిషువారు. ఐగుప్తు దేశస్థుడు నిర్ణయము చెప్పగల స్థానములో ఎక్కడా లేడు. 1924లో బెర్లినులో దీనిని ప్రజలకు ప్రదర్శించిన తరువాత ఐగుప్తు దీనిని తిరిగి కోరినది. నేటికీ అది బెర్లినులోనే ఉన్నది.

జర్మను–ఇరాకీ కళాకారిణి నోరా అల్-బద్రి, యాన్ నికొలాయ్ నెల్లెస్‌తో కలిసి మొదట ఈ విగ్రహపు త్రిమితీయ డిజిటల్ రూపమును అందరికీ ఉచితముగా విడుదల చేసినది. 2016 ప్రారంభములో ఆ వార్త లోకమంతటా ప్రాకినది. తాము మ్యూజియములో రహస్యముగా స్కాన్ చేశామని వారు చెప్పగా, అంత స్పష్టమైన రూపము అటువంటి పరికరముతో రాదని నిపుణులు సందేహించారు. 2018లో ఆ ఇద్దరే ‘నెఫెర్‌టీటీ బాట్’ అనే సంభాషణ యంత్రమును తయారుచేశారు. చూపరి అడుగుతాడు, విగ్రహము జవాబిస్తుంది. వస్తువునకు అర్థము చెప్పే అధికారమును మ్యూజియము చేతిలో నుండి తీసి, వస్తువు తానే మాట్లాడునట్లు చేయుట తమ ఉద్దేశమని వారు తెలియజేశారు.

ఈ కళాకృతి బలము ఎక్కడ ఉన్నది? గాజు పెట్టె ముందు నిలిచిన చూపరి మామూలుగా విని వెళ్లిపోయేవాడు. ఇక్కడ అడుగవలసివస్తుంది. అడిగినవాడు తన ప్రశ్నకు తాను బాధ్యుడు. “నీవు ఇక్కడికి ఎట్లు వచ్చితివి?” అని ఒక విగ్రహమును అడిగినవాడు జవాబు ఎట్టిదైనను ఆ ప్రశ్నను ఇంటికి తీసుకొనిపోతాడు. పలకను చదివినప్పుడు పుట్టని అశాంతి అడిగినప్పుడు పుడుతుంది. బోధలో ప్రశ్నకున్న స్థానము తెలిసిన బోధకులు దీనిని తేలికగా త్రోసివేయజాలరు.

బలహీనత కూడా అక్కడే ఉన్నది. ‘వస్తువు తానే మాట్లాడుచున్నది’ అనుట నిజము కాదు. సంభాషణ యంత్రము తనకు అందిన మాటలలో నుండి జవాబు కూర్చుతుంది. ఆ మాటలు ఎవరివి? విగ్రహము గురించి అచ్చులో ఉన్న మాటలలో అధిక భాగము త్రవ్వినవారు, మ్యూజియమువారు, ఐరోపా పండితులు వ్రాసినవే. అమర్నాలో పార పట్టిన కూలీలు గ్రంథములు వ్రాయలేదు. కాబట్టి నోరు విగ్రహానిది, భాష మ్యూజియానిది కావచ్చును. లేదా కళాకారులదే కావచ్చును. కళాకారుల ఉద్దేశము న్యాయమైనదే గాని, ఐగుప్తువారి తరఫున మరొకరు మాట్లాడే పాత అలవాటు దీనితో తొలగిపోలేదు.

ఈ మెళకువ కళాకారుల చేతిలోనే నిలిచి యుండలేదు. 2024 అక్టోబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియము, డోడో పక్షి అస్థిపంజరముతో సహా 13 ప్రదర్శన వస్తువులతో చూపరులు ఫోనులో సంభాషించే ఏర్పాటు చేసినది. అధికారమును ప్రశ్నించుటకు పుట్టిన సాధనము ఆరేండ్లలో మ్యూజియములు తామే వాడుకొనే వినోద సాధనమైనది. ‘మాట్లాడే వస్తువు’ అనే పద్ధతిలో స్వతహాగా విమోచన లేదని దీనివలన తేటపడుచున్నది. ఎవరు మాట్లాడించుచున్నారు, ఎవరికి జవాబుదారులై మాట్లాడించుచున్నారు అనునదే అసలు సంగతి.

2. లేని పదిహేడు సంవత్సరములు: ఇగూన్

రెండవ రకపు కళాకృతులను అర్థము చేసికొనుటకు ఆ యంత్రము పనిచేసే విధము కొంత తెలియవలెను. ఒక భాగము నకిలీ బొమ్మలను తయారుచేస్తూ ఉంటుంది. రెండవ భాగము కంసాలి గీటురాయి వంటిది. తన ముందుకు వచ్చినది అసలా, నకిలీయా అని పరీక్షిస్తూ ఉంటుంది. పట్టుబడిన ప్రతిసారి మొదటి భాగము తన పనితనమును దిద్దుకొంటుంది. వేలాది పర్యాయములు ఇట్లు జరిగిన పిమ్మట గీటురాయి కూడా పోల్చుకోలేని బొమ్మలు వస్తాయి. అవి అసలువాటికి నకళ్లు కావు. అసలువాటి పోలికలు కలిగి, ఎన్నడూ లేనివి.

అల్-బద్రి 2020లో ‘బబులోను దర్శనము’ అని చెప్పదగిన పేరుతో చేసిన వీడియో ఇట్టిదే. మెసొపొతామియా వస్తువులు అత్యధికముగా ఉన్న ఐదు మ్యూజియముల నుండి తీసిన 10,000 చిత్రములను యంత్రమునకు నేర్పినది. అయితే ఈ పద్ధతిని మరింత గంభీరమైన ప్రశ్నకు వాడినది నైజీరియాలో పుట్టిన కళాకారిణి మిన్నే అటైరు.

ఆమె కృషికి పునాదియైన చరిత్ర ఇది. 1897 జనవరిలో బెనిన్ రాజ్యానికి బయలుదేరిన ఒక బ్రిటిషు బృందములో ఎక్కువమంది మార్గములో చంపబడ్డారు. ఫిబ్రవరిలో బ్రిటిషు సేనలు ‘శిక్షా యాత్ర’ పేరుతో బెనిన్ నగరమును పట్టుకొని, రాజగృహమును దోచుకొన్నాయి. ఇత్తడి ఫలకములు, శిరోవిగ్రహములు, దంతపు చెక్కడములు వేల సంఖ్యలో ఐరోపాకు తరలిపోయినవి. బ్రిటిషు మ్యూజియములోనే బెనిన్ వస్తువులు సుమారు 900 ఉన్నవి. రాజైన ఓబా ఓవోన్రాంవెన్ కాలబార్‌కు ప్రవాసము పంపబడి 1914లో అక్కడే మరణించాడు. అదే సంవత్సరము ఆయన కుమారుడు రెండవ ఎవెకా సింహాసనమెక్కిన పిమ్మట రాజాస్థానపు పోతపని మరల ఆరంభమైనది. పోతపనివారి శ్రేణి రాజు ఆజ్ఞను బట్టి పనిచేసేది గనుక, రాజు లేని 17 సంవత్సరములు ఆ కళకు వెలితియైపోయినవి.

అటైరు ‘ఇగూన్’ అనే పేరుతో చేయుచున్న కృషి ఆ వెలితి గురించినది. ఇగూన్ అనునది ఆ పోతపనివారి శ్రేణి పేరు. దోచుకొనిపోయిన బెనిన్ వస్తువుల చిత్రములను యంత్రమునకు నేర్పి, ఆ 17 సంవత్సరములలో పోతపని ఆగకుండ ఉంటే ఎట్టి వస్తువులు వచ్చి ఉండేవో ఊహించి చూపించుచున్నది. ముఖములు కొంత కరిగినట్లు, అలంకారములు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు కనబడతాయి. చూచినవానికి ‘ఇది ఎక్కడ ఉన్నది?’ అనే ప్రశ్న పుడుతుంది. ఎక్కడా లేదు. లేకపోవుటయే అక్కడి వార్త.

మా దృష్టిలో ఇది నెఫెర్‌టీటీ బాట్ కంటె నిజాయితీ గల కృతి. అది ‘మాట్లాడుచున్నాను’ అంటుంది. ఇది ‘లేను’ అంటుంది. దోపిడి వలన కలిగే నష్టమును మనము సాధారణముగా పోయిన వస్తువులను బట్టి లెక్కవేస్తాము. పుట్టవలసి యుండి పుట్టని వాటిని లెక్కవేయుట మనకు తోచదు. యెరూషలేము మందిరపు ఉపకరణములు బబులోనుకు పోయినప్పుడు పోయినది ఇత్తడి, వెండి, బంగారములు మాత్రమేనా? వాటితో జరుగవలసిన ఆరాధన, వాటి ప్రక్కన పాడవలసిన పాట, కుమారునికి తండ్రి నేర్పవలసిన పని కూడా ఆగిపోయినవి. విలాపవాక్యముల గ్రంథకర్తకు ఈ వెలితి తెలుసును. ఇగూన్ బొమ్మలలో మేము అట్టి విలాపమును చూచుచున్నాము.

అయితే ఒక హెచ్చరిక చేయవలెను. ఈ బొమ్మలు కళాశాల గోడ మీద ఉన్నంతవరకు విలాపమే. వాటిని అక్కడి నుండి విడదీసి, పేరు, సందర్భము తీసివేసి త్రిప్పినప్పుడు అవి ‘ప్రాచీన బెనిన్ శిల్పము’గా చెలామణి కాగలవు. రేపు మరొక యంత్రము వాటినే అసలువని నేర్చుకొనవచ్చును. ఒకసారి చరిత్రను దోచుకొన్న జనమునకు రెండవసారి కల్పిత చరిత్రను అంటగట్టినట్లగును. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము కూడదనే ఆజ్ఞ ఆదరముతో చెప్పిన అబద్ధమునకు కూడా వర్తిస్తుంది.

3. మనుష్యుల గొంతు: అమరావతి శిలలు

2021 డిసెంబరులో వైస్ వరల్డ్ న్యూస్ అనే వార్తాసంస్థ, మన దేశపు ప్రకటనల సంస్థ దెంత్సు వెబ్‌చట్నీ కలిసి, బ్రిటిషు మ్యూజియములోని పది వివాదాస్పద వస్తువుల మీద ఒక ఫోను యాత్రను విడుదల చేశాయి. మ్యూజియము దీనిని ఏర్పాటు చేయలేదు. చూపరి తన ఫోను కెమెరాను వస్తువు వైపు త్రిప్పితే, యంత్రము ఆ వస్తువును గుర్తుపట్టి తెర మీద బొమ్మలను, చెవిలో కథను అందించేది. ఆ పది వస్తువులలో మన అమరావతి శిలలు కూడా ఉన్నవి.

అమరావతి స్తూపమును 1797లో కాలిన్ మెకంజీ చూచాడు. 1816లో మరల వచ్చి చిత్రములు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసుకు చేరి, వాటిలో అనేకము 1859లో లండను పంపబడినవి. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు దక్కినవి. మరొక పెద్ద భాగము నేటికీ చెన్నై ఎగ్మోరు మ్యూజియములో ఉన్నది. ఇంతవరకు తెల్లదొరల కథ. అయితే మెకంజీ రాకకు ముందే, అమరావతిని తన రాజధానిగా కట్టుకొన్న వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కాలములో ఆ దిబ్బ రాళ్లు కట్టడములకు తరలిపోయినవని కూడా చరిత్ర చెప్పుచున్నది. మెకంజీ సేకరణలకు వెనుక కావలి సోదరుల వంటి తెలుగువారి పాండిత్యము, శ్రమ ఉన్నవి. రాతిని దోచినవాడు ఎవడు, కాపాడినవాడు ఎవడు, వాడుకొన్నవాడు ఎవడు అనే ప్రశ్నకు ఒక్క వాక్యములో జవాబు లేదు.

ఆ ఫోను యాత్రలో యంత్రము చేసిన పని స్వల్పము: రాయిని గుర్తుపట్టుట, తెరను తెరచుట. మాట్లాడినవారు మాత్రము మనుష్యులు. ఆయా వస్తువుల స్వదేశములకు చెందినవారు తమ గొంతుతో చెప్పారు. ఇది కళగా నెఫెర్‌టీటీ బాట్ అంత విస్మయము గొల్పకపోవచ్చును. కృత్రిమ మేధ అనే పేరుకు కూడా దీనికి పూర్తి హక్కు లేదని కొందరనవచ్చును. అయినను ఒక విషయములో ఇది పై రెండిటిని మించినది. సంఘ ఆరాధనలో సాక్ష్యము చెప్పేవాడు లేచి నిలబడి తన పేరు, ఊరు చెప్పి మొదలుపెడతాడు. వినేవారు అతనిని ఎరుగుదురు; అతడు తప్పు చెబితే ఆరాధన తరువాత అడుగగలరు. సాక్ష్యమునకు ముఖము, పేరు, జవాబుదారీ ఉండవలెను. బాట్‌కు ఇవి లేవు. ఈ యాత్రలో మాట్లాడినవారికి ఉన్నవి.

ఎక్కువ తెలివిగల యంత్రము కంటె, మనిషి గొంతుకు దారి ఇచ్చి తాను తప్పుకొన్న యంత్రమే ఇక్కడ ఎక్కువ మేలు చేసినది. రేపు ఎవరైన అమరావతి శిల చేత మాట్లాడించదలచినచో వారికి మేము చెప్పేది ఇదే. రాతి చేత “నన్ను దొంగిలించారు” అని పలికించుట సులభము. అమరావతి ఊరివారి చేత, బౌద్ధుల చేత, చరిత్రకారుల చేత, వారి విభేదములతో సహా చెప్పించుట కష్టము. ఆ కష్టమైన పనియే చేయదగినది.

4. “విగ్రహములే గదా” అనే అభ్యంతరము

మన సంఘములలో ఈ చర్చకు రెండు తొందరపాటు జవాబులు వస్తాయి. మొదటిది, మాట్లాడే ప్రతిమ అనగానే ప్రకటన 13వ అధ్యాయమును తెరచుట. ఆ అధ్యాయములో ప్రతిమకు మాట ఇచ్చినది తనకు నమస్కరించని వారిని చంపించే అధికారము. భయము పెట్టుటకు కాక ప్రశ్న వేయుటకు ఒక కళాకారిణి చేసిన ప్రతిమను దానితో ఒకటి చేయుట వాక్యమును సరిగా విభజించుట కాదు. అయితే ఆ అధ్యాయము నేర్పే వివేచన మనకు అవసరమే: మాట్లాడే ప్రతిమ వెనుక ఏ అధికారము ఉన్నదో చూడవలెను.

రెండవది మరింత లోతైనది. “అవి విగ్రహములే గదా, పోతే మనకేమి?” అను అభ్యంతరము. దీనికి పౌలు రోమా 2:22లో జవాబిచ్చియున్నాడు. విగ్రహములను అసహ్యించుకొనేవాడు గుళ్లను దోచవచ్చునా అని ఆయన నిలదీసినాడు. ఎఫెసులో అర్తెమి భక్తులు అల్లరి చేసినప్పుడు, ఈ మనుష్యులు గుడి దోచినవారు కారని ఆ పట్టణపు కరణమే సాక్ష్యమిచ్చాడు (అపొస్తలుల కార్యములు 19:37). విగ్రహారాధనను ఖండించుట వేరు. పొరుగువాని సొత్తును తీసికొనుట వేరు. దొంగిలవద్దనే ఆజ్ఞ పొరుగువాని మతమేదని అడుగదు.

ఇక్కడ మన చరిత్ర మనకు ఎదురవుతుంది. లండన్ మిషనరీ సొసైటీ 1814లో తన స్వంత మ్యూజియమును స్థాపించుకొన్నది. అందులో ప్రసిద్ధమైనది పసిఫిక్ సముద్రములోని రురుతు ద్వీపపు ‘ఆఆ’ అనే చెక్క మూర్తి. దాని దేహము మీద 30 చిన్న మూర్తులు చెక్కబడినవి. 1821లో రురుతువారు క్రైస్తవ్యమును స్వీకరించి తమ మూర్తులను రయతేయాలోని మిషనెరీలకు అప్పగించారు. ఆఆ లండనులో మిషను విజయమునకు గుర్తుగా ప్రదర్శింపబడినది. 1890లో బ్రిటిషు మ్యూజియమునకు అరువుగా వెళ్లి, 1911లో దానికే అమ్మబడినది. 2023లో తాహితి మ్యూజియములో ప్రదర్శనకు అది అరువు మీద పంపబడినది.

ఈ సొసైటీ మనకు పరాయిది కాదు. 1805లో విశాఖపట్టణము వచ్చి తెలుగువారి మధ్య ప్రొటెస్టెంటు సేవను ఆరంభించిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అదే సొసైటీ పంపినవారు. మనకు తెలుగులో సువార్త గ్రంథములు అందుటకు కారణమైన చేయి, ఒక జనము విడిచిన దేవతామూర్తిని ప్రదర్శన వస్తువుగా నిలబెట్టిన చేయి ఒకటే. మొదటిదానికి కృతజ్ఞులమైన మనము రెండవదానిని చూడనట్లు నటించకూడదు.

అయితే కళాకారులు కూడా ఇక్కడ నేర్చుకొనవలసినది ఉన్నది. ఆఆను సైనికులు దోచుకొనలేదు. రురుతువారు తమ నిర్ణయముతో ఇచ్చారని మిషను వృత్తాంతములు చెప్పుచున్నవి. ఆ వృత్తాంతములను వ్రాసినవారు మిషనెరీలే గనుక వాటిని పరీక్షించవలెను. కాని ఆ ద్వీపవాసుల విశ్వాసమును మోసమని కొట్టివేయుట కూడా వారి గొంతు నొక్కుటయే. ఆఆ చేత మాట్లాడించే యంత్రము “నన్ను ఎత్తుకుపోయారు” అని పలికినచో, బెనిన్ కథను రురుతు మీద అతికించినట్లగును. అన్ని వస్తువుల క్రింద ‘సేకరించబడినది’ అని వ్రాసిన పాత పలకకు, అన్ని వస్తువుల చేత ‘దొంగిలించబడితిని’ అనిపించే కొత్త యంత్రమునకు ఒక పోలిక ఉన్నది: రెండూ విడివిడి కథలను వినుటకు ఓపిక లేనివే.

5. ఉపమానము, ఒప్పుకోలు, లెక్క

ఇప్పుడు మా ప్రతిపాదనను లేఖనముల వెలుగులో స్థిరపరచుకొందము. నాతాను దావీదుకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ కల్పితమే (2 సమూయేలు 12). అది కల్పితమైనందున అబద్ధము కాలేదు. దావీదు తన తీర్పును తానే చెప్పుకొనునట్లు చేసినది. అయితే నాతాను అక్కడ ఆగలేదు; ఆ మనుష్యుడు ఎవడో రాజు ముఖము మీద చెప్పాడు. ఉపమానమునకు అది ముగింపు. కృత్రిమ మేధ కళకు కల్పన దోషము కాదు. కల్పనతో ఆగిపోవుట దోషము. బాట్‌తో పది నిమిషములు మాట్లాడి, ఆశ్చర్యపడి, ఫోటో తీసుకొని బయటకు వచ్చిన చూపరి దావీదు కాలేదు. కథ విని మెచ్చుకొన్న శ్రోతయే అయినాడు.

2020 తరువాతి సంవత్సరములలో అల్-బద్రి మరొక అడుగు వేసి, ఐరోపా మ్యూజియముల అధిపతుల ముఖములను, గొంతులను యంత్రముతో కల్పించి, వారు వలస దోపిడి గురించి మాట్లాడినట్లు వీడియో చేసినది. వ్యంగ్యముగా ఇది పదునైనది: వారు చెప్పవలసి యుండి చెప్పనిది ఏమిటో లోకమునకు వినబడినది. కాని కాపరులముగా మాకు ఇక్కడ ఒక అభ్యంతరము ఉన్నది. ఒప్పుకోలును ఒకని నోట మరొకడు పెట్టజాలడు. పెట్టినచో అది ఒప్పుకోలు కాదు. పైగా నిజమైన ఒప్పుకోలు ఎప్పుడో వచ్చిననాడు, ‘ఇదీ యంత్రము పలికించినదే’ అని త్రోసివేయుటకు దారి ఏర్పడును.

ఒప్పుకోలు నిజమైనదని ఎట్లు తెలియును? లూకా 19వ అధ్యాయములో జక్కయ్య అంకెతో మాట్లాడాడు: ఆస్తిలో సగము, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు. అదే అధ్యాయములో శిష్యులు ఊరకుండినచో రాళ్లు కేకవేయునని ప్రభువు చెప్పాడు. హబక్కూకు 2:6-11లో గోడలోని రాయి మొఱ్ఱపెట్టుటకు కారణము కూడా స్పష్టమే: ఆ ఇల్లు పరుల సొత్తుతో కట్టబడినది. మనుష్యులు చెప్పవలసినది చెప్పనప్పుడు రాయి అరుస్తుంది. రాతి కేక అద్భుతము కంటె ముందు మన మౌనము మీద నేరారోపణ.

ఎజ్రా మొదటి అధ్యాయము ఈ విషయములో మనకు మాదిరి. నెబుకద్నెజరు మందిరపు ఉపకరణములను తీసికొనిపోయి తన దేవత గుడిలో ఉంచాడు. కోరెషు వాటిని బయటకు తెప్పించి, ఖజానాదారుడైన మిత్రిదాతు చేత లెక్కపెట్టించి షేష్బజ్జరుకు అప్పగించాడు. పళ్లెములు ఎన్ని, కత్తులు ఎన్ని, గిన్నెలు ఎన్ని అని వ్రాసి మొత్తము 5,400 అని తేల్చారు. పేరు గల ఒక అధికారి, పేరు గల మరొకనికి, లెక్క ప్రకారము ఇచ్చాడు. అక్కడ విలాపము లేదు, వాగ్ధాటి లేదు, జాబితా ఉన్నది. మనము ప్రసంగములలో సాధారణముగా దాటవేసే వచనములవి.

2022 నవంబరులో ‘డిజిటల్ బెనిన్’ అనే సూచిక వెలువడినది. 20 దేశములలోని 131 సంస్థలలో చెదరియున్న 5,246 బెనిన్ వస్తువులను ఒక్కచోట చూపినది. ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో చెప్పుటే గాక, వాటి ఎడో భాషా నామములను, ఎడో పెద్దల మౌఖిక చరిత్రలను కూడా చేర్చినది. ఇది కళాకృతి కాదు. యంత్రము ఊహించినది ఇందులో లేదు. ఎజ్రా జాబితాకు దగ్గరగా ఉన్నది ఇదే. అదే సంవత్సరము జులైలో జర్మనీ వెయ్యికి పైగా బెనిన్ వస్తువుల యాజమాన్యమును బదిలీ చేయుటకు అంగీకరించి, డిసెంబరులో 20 వస్తువులను నైజీరియాకు తెచ్చి అప్పగించినది. బ్రిటిషు మ్యూజియము మాత్రము 1963 నాటి చట్టము తన చేతులు కట్టివేసినదని చెప్పుచున్నది.

కాబట్టి కళకు, లెక్కకు పోటీ పెట్టుట మా ఉద్దేశము కాదు. ఇగూన్ బొమ్మను చూచి చలించినవాడే డిజిటల్ బెనిన్ జాబితాను ఓపికగా చదువుతాడు. నాతాను లేకుండ మిత్రిదాతు పని ఆరంభము కాదు. మిత్రిదాతు లేకుండ నాతాను పని ముగియదు.

6. సంఘమునకు వర్తింపు

ఈ చర్చ లండను, బెర్లిను మ్యూజియములతో ఆగరాదు. మన మిషను ఆవరణలలో, పాత దేవాలయముల బీరువాలలో బాప్తిస్మపు రిజిష్టర్లు, మిషనెరీల ఉత్తరములు, ఛాయాచిత్రములు ఉన్నవి. ఆ చిత్రములలో దొరవారి పేరు వ్రాయబడి, ప్రక్కన నిలిచిన స్త్రీకి ‘బైబిలు స్త్రీ’ అని, గుంపుకు ‘గ్రామ క్రైస్తవులు’ అని వ్రాసి ఊరుకొన్నవి అనేకము. ఇవి కూడా మ్యూజియము పలకల వంటివే.

నేడు మన యువకులు పాత ఛాయాచిత్రమును ఫోనులో వేసి, అందులోని మనిషి కదలునట్లు, మాట్లాడునట్లు చేయగలరు. మొదటి తరపు క్రైస్తవురాలి చేత సాక్ష్యము చెప్పించిన వీడియో శతజయంతి సభలో వేస్తే జనము కన్నీరు పెట్టుకొనవచ్చును. కాపరులారా, ఆ కన్నీటిని నమ్మకముందు ఒక ప్రశ్న అడుగుదము: ఆ మాటలు ఆమెవా? ఆమె పేరు మనకు తెలుసునా? ఆమె మనుమరాలు ఆ ఊరిలోనే బ్రతికియున్నదేమో, ఆమెను అడిగితిమా? యంత్రమునకు అప్పగించుటకు ముందు వృద్ధుల నోట విని వ్రాసికొనుట, రిజిష్టరులోని పేర్లను గ్రామములవారీగా ఎత్తి వ్రాయుట మన పని. వేదాంత విద్యార్థులు తమ పరిశోధనా పత్రములకు ఇట్టి అంశములను ఎన్నుకొనవలెనని కోరుచున్నాము.

ముగింపు

కీర్తనాకారుడు నోరుండి పలుకని విగ్రహములను ఎత్తి చూపాడు (కీర్తన 115). మన కాలములో వాటికి పలుకు నేర్పిన కళాకారులు వచ్చారు. వారిలో ఉత్తములు మ్యూజియముల మౌనమును భరించలేక ఆ పని చేశారని గ్రహించి వారిని గౌరవించుదము. అయితే రాతికి నోరిచ్చినంత మాత్రమున రాతిని పోగొట్టుకొన్నవారికి నోరిచ్చినట్లు కాదు. అల్-బద్రి ప్రశ్నను, అటైరు విలాపమును స్వీకరించి, అక్కడ నుండి జాబితా యొద్దకు, పేర్ల యొద్దకు, తిరిగి ఇచ్చుట యొద్దకు నడువవలెను. మన స్వంత బీరువాలను తెరచుటతో ఆ నడక ఆరంభమైనచో, ఇతరుల మ్యూజియములను గూర్చి మనము చెప్పే మాటకు బరువు కలుగును.